మిద్దె మీద షెడ్డుకి స్లైడింగ్ మైటర్ సా: 8 అంగుళాలదా, 10 ఆ, 12 ఆ?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలో సొంత ఇల్లు, మిద్దె మీద 10 అడుగులు బై 12 అడుగుల రేకుల షెడ్డు. ఉద్యోగం చేసుకుంటానే శని ఆదివారాల్లో చెక్క పని చేస్తాడు. గోడ షెల్ఫులు, పూజ మందిరం, సామి పటాలకి ఫ్రేములు, ముందు ముందు ఇంటికి దారబందరాలు కూడా తనే చేసుకోవాలని ఆశ. స్లైడింగ్ మైటర్ సా (చెక్కని అడ్డంగా, కావాల్సిన కోణంలో కోసే మిషన్, మోటారూ బ్లేడూ ఉండే తల ముందుకీ వెనక్కీ జరుగుతుంది) కొనాలి, ఏ సైజు తీసుకోవాలి, అమెరికాలో ఉండే బావ వచ్చేటప్పుడు ఒకటి తెస్తానంటున్నాడు, తెప్పించుకోవచ్చా అని.

నా సమాధానం: 10 అంగుళాల స్లైడింగ్ తీసుకో, సింగిల్ బెవెల్ (బ్లేడు ఒక పక్కకే వాలేది) చాలు. 12 వద్దు. అమెరికా మిషన్ వద్దు. ప్లైవుడ్ షీట్లు కొయ్యడానికే అయితే అసలు మైటర్ సానే వద్దు.

నేను పటాలు కట్టే షాపులో పని నేర్చుకున్నోణ్ణి, ఇప్పుడు తిరుపతిలోనే చెక్క పని షెడ్డు నడుపుతున్నా. స్లైడింగ్‌ది, స్లైడ్ లేనిది రెండూ రోజూ వాడతా. అందుకే కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ప్లైవుడ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే శానా మంది స్లైడింగ్ కొనేది దీనికోసమే, కొన్నాక బాధపడేదీ దీనికే. 10 అంగుళాల స్లైడింగ్ మిషన్ నిటారు కోతలో సుమారు 12 అంగుళాల వెడల్పు కోస్తుంది, 45 డిగ్రీలకి తిప్పితే అది ఎనిమిదిన్నర దగ్గరికి పడిపోతుంది. కప్‌బోర్డు సైడు ముక్క 22, 24 అంగుళాలు ఉంటుంది. కొంతమంది సగం కోసి, చెక్కని తిప్పి రెండో వైపు నుంచి మిగతాది కోస్తారు, చిన్న పనికి పర్లేదు గానీ మధ్యలో మెట్టు పడుతుంది. ఇక పొడుగ్గా చీల్చే పని, అంటే 8 అడుగుల షీటుని నిలువునా చీల్చడం, ఏ సైజు మైటర్ సాతోనూ కుదరదు, కుదిరించాలని చూడనూ కూడదు. దానికి చేతి సర్క్యులర్ సా, ఒక గైడ్ పట్టీ, కింద థర్మాకోల్ షీటు ఉంటే చాలు, ఖర్చు కూడా తక్కువ. నీ పనిలో ముప్పాతిక ప్లైవుడ్డే అయితే ముందు అది కొను, మైటర్ సా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నువ్వు చెప్పిన లిస్టులో షెల్ఫు పలకలు, మందిరం, దారబందరాలు ఉన్నాయి గాబట్టి స్లైడింగ్ అవసరమే. ఫ్రేములు మాత్రమే కట్టేవాడివైతే స్లైడ్ లేని 10 అంగుళాల మిషన్ తీసుకోమని చెప్పుండేవాణ్ణి. నా షెడ్డులో పటాల మోల్డింగ్ అంతా ఇప్పటికీ స్లైడ్ లేని దాని మీదే కోస్తా. అది అయిదున్నర ఆరు అంగుళాల వెడల్పు దాకా కోస్తుంది, ఫ్రేము కడ్డీకి అంతకన్నా ఏం కావాలి. తల జరిగే రైళ్ళు (ఇనుప కడ్డీలు) లేవు, బేరింగులు లేవు, తల ఒకే కీలు మీద దిగుతుంది, కాబట్టి లూజు రావడానికి జాగాలే తక్కువ.

ఇప్పుడు 8, 10, 12 లెక్క. అందరూ వెడల్పే చూస్తారు, నువ్వు ఎత్తు చూడు. మన వైపు దారబందరానికి ఎక్కువగా వాడేది 5 బై 3 అంగుళాల సైజు, టేకో వేపో. దాన్ని పడుకోబెడితే ఎత్తు 3 అంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు. 8 అంగుళాల మిషన్ అని పిలిచేది నిజానికి 216 మిల్లీమీటర్ల బ్లేడు, దాని కోత ఎత్తు 60 నుంచి 70 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే ఆ 3 అంగుళాల ఎత్తు ఒక్క దెబ్బకి దిగదు, తిప్పి కొయ్యాలి, తిప్పి కోస్తే గీత కలవదు. 10 అంగుళాల మిషన్లు చాలావరకు 90 మిల్లీమీటర్ల దాకా దిగుతాయి. 5 బై 3 హాయిగా పోతుంది. దారబందరాల ఆలోచన లేకుండా షెల్ఫులు, మందిరం వరకే అయితే 8 అంగుళాల స్లైడింగ్ కూడా మంచి మిషనే. బరువు తక్కువ, ధర తక్కువ, వెడల్పులో మంచివి 12 అంగుళాలు కోస్తాయి. నీ లిస్టులో ఆ దారబందరాల మాట ఉండబట్టే 10 అంటున్నా.

12 ఎందుకు వద్దంటున్నానంటే, బ్లేడు పెద్దదయ్యే కొద్దీ అంచు దగ్గర ఊగడం పెరుగుతుంది, అదే మందం రేకుని పెద్ద వృత్తంలో కోసినట్టు గదా. గట్టి చింత, నల్లతుమ్మ, ముదురు టేకు కోసేటప్పుడు ఆ ఊపు కోత మీద గీతలుగా కనపడుతుంది. పైగా 12 అంగుళాల మంచి బ్లేడు ధర ఎక్కువ, సాన పట్టించడానికి ఎక్కువ, మిషన్ బరువు ఎక్కువ, మిద్దె మీదికి మోసుకుని ఎక్కాలి. నాలుగంగుళాల మందం దూలాలు రోజూ కోసేవాళ్ళకి అది కావాలి, వాళ్ళు కొనాలి కూడా. నీకు ఆ తేడా డబ్బులు బ్లేడుకీ, వాక్యూముకీ పెడితే పని కళ్ళకి కనపడేంత బాగుపడుతుంది.

సింగిల్ బెవెల్, డబుల్ బెవెల్ గురించి ఒక్క మాట. బ్లేడు ఒక పక్కకే వాలేది సింగిల్, రెండు పక్కలా వాలేది డబుల్. ఇంటి పనిలో చెక్కని తిరగేసి పెట్టుకుంటే సరిపోతుంది. సీలింగు చుట్టూ పొడుగు మోల్డింగులు వేసేవాళ్ళకి తిప్పడం కష్టం కాబట్టి డబుల్ కావాలి. వాల్చినప్పుడు కోత ఎత్తు బాగా తగ్గిపోతుందని మాత్రం గుర్తు పెట్టుకో, 45కి వాలిస్తే దాదాపు సగానికి వస్తుంది, డబుల్ బెవెల్‌లో కుడి పక్కకి వాలిస్తే ఇంకా తక్కువ.

నీ షెడ్డు 10 బై 12 అన్నావు, బల్ల గోడకి ఆనించి పెడతానన్నావు. ఇక్కడ జాగ్రత్త. మామూలు స్లైడింగ్ మిషన్‌లో తలని లోపలికి తోస్తే రైళ్ళు వెనక్కి పొడుచుకుని వస్తాయి, వెనక సుమారు అడుగు ఖాళీ లేకపోతే గోడకి తగులుతాయి. అంటే బల్ల గోడ నుంచి అడుగు ముందుకు రావాలి, మిషన్ లోతు ఇంకో రెండడుగుల పైన, ఆ తర్వాత నువ్వు నిలబడాలి, నీ 10 అడుగుల వెడల్పులో సగం పోయింది. దీనికి రెండు కంపెనీలు మంచి దారి కనిపెట్టాయి. బాష్ వాళ్ళ గ్లైడ్ మోడళ్ళలో రైళ్ళ బదులు మోచేయి లాగా మడుచుకునే చేతులు ఉంటాయి. మకీటా ఎల్ఎస్1019 లాంటి వాటిలో రైళ్ళు ముందుకే ఉండి తల వాటి మీద జరుగుతుంది, వెనక్కి ఏమీ రాదు. రెండూ గోడకి దాదాపు ఆనించి పెట్టుకోవచ్చు. ధర ఎక్కువే, నేను కాదనను, కానీ చిన్న షెడ్డులో ఆ అడుగు జాగా విలువ వాడేటప్పుడు తెలుస్తుంది. అంత పెట్టలేకపోతే పాత రకం రైళ్ళ మిషన్ కొని, బల్లని గోడకి కాకుండా కిటికీకో తలుపుకో ఎదురుగా, రైళ్ళు దాంట్లోకి పొడుచుకునేట్టు పెట్టుకో. ఇంకోటి, మిషన్‌కి రెండు పక్కలా పొడుగు కావాలి. 7 అడుగుల దారబందరం కాలు కోసేటప్పుడు రెండో కొస గాలిలో వేలాడితే కోత ఎప్పటికీ 90 రాదు. మిషన్ బల్ల ఎత్తుకి సరిగ్గా సమానంగా రెండు పక్కలా చెక్క రెక్కలు కట్టుకో, 12 అడుగుల గోడ పొడుగునా పెడితే నీకు జాగా సరిపోతుంది.

బావ తెచ్చే మిషన్ సంగతి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు అంటారు, నిజమే, కానీ ఈ మిషన్లు అక్కడ 15 ఆంపియర్లు లాగుతాయి, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ, కాబట్టి రెండు మూడు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని ధర, దాని బరువు వేరే. బ్లేడు బోరు, అంటే మధ్యలో బొక్క సైజు, కూడా తేడా, అక్కడ 10 అంగుళాల బ్లేడు బోరు 15.88 మిల్లీమీటర్లు, ఇక్కడ మనకి దొరికేవి ఎక్కువగా 25.4, 30. వారంటీ ఇక్కడ పని చెయ్యదు, స్పేర్లకి మళ్ళీ బావనే అడగాలి. బావ ప్రేమగా ఏమన్నా తెస్తానంటే మంచి కాంబినేషన్ స్క్వేర్ (90, 45 డిగ్రీలు చూసుకునే, స్కేలు జరిగే మూలమట్టం) ఒకటి తెమ్మను, జీవితాంతం పనికొస్తుంది.

కరెంటు మాట వచ్చింది గాబట్టి, ఇక్కడి మిషన్లు 1500 నుంచి 1800 వాట్లు ఉంటాయి. 1700 వాట్లని 230తో భాగిస్తే ఏడు ఆంపియర్ల పైన. ఇంట్లో చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టు షెడ్డులో వేయించుకో, కింద నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగించు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించు. కింద హాల్లోంచి సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు మిద్దె మీదికి లాగి నడిపేవాళ్ళని చూస్తా ఉంటా, వైరు వేడెక్కుతుంది, మిషన్ దగ్గరికొచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది, బ్లేడు చెక్కలో మూలుగుతుంది, ఆఖరికి మిషన్ మంచిది కాదు అంటారు. సాఫ్ట్ స్టార్ట్ ఉన్న మోడల్ దొరికితే మేలు, ఆన్ చెయ్యగానే కుదుపు ఉండదు, ఎంసీబీ పడదు.

ఇప్పుడు అసలైంది, బ్లేడు. మిషన్‌తో వచ్చే బ్లేడు చాలావరకు 24, 40 పళ్ళది, దూలాలు కొయ్యడానికి బాగుంటుంది. నువ్వు కొన్నరోజే 60 పళ్ళ కార్బైడ్ బ్లేడు ఒకటి తెచ్చుకో, ఫ్రేములకి 80. పళ్ళ కన్నా ముఖ్యమైంది ఒకటుంది, షాపులో ఎవరూ చెప్పరు, అది పళ్ళ వాలు. పన్ను ముందుకి ఎక్కువ వాలి ఉంటే, 15, 20 డిగ్రీలు, అది టేబుల్ సా బ్లేడు. దాన్ని స్లైడింగ్‌లో పెడితే చెక్కని పట్టుకుని తల దూకుతుంది. స్లైడింగ్‌కి వాలు తక్కువగా ఉండేది, సుమారు మైనస్ 5 నుంచి ప్లస్ 7 లోపు ఉండేది అడుగు. బ్లేడు మీదే రాసి ఉంటుంది, లేకపోతే ప్యాకెట్ మీద. అల్యూమినియం కూడా కొయ్యాలంటే దానికి వేరే మైనస్ వాలు బ్లేడు, చెక్క బ్లేడుతో కొయ్యొద్దు. ఇంకోటి, ఇనుము కోసే 14 అంగుళాల కటాఫ్ మిషన్‌ని చూపించి ఇదీ అదే అని అమ్మాలని చూస్తారు కొందరు, అది రాయి చక్రంతో కోసేది, చెక్క పనికి సంబంధమే లేదు.

టేకులో సిలికా ఉంటుంది, అది బ్లేడు పదును తొందరగా తినేస్తుంది. మామిడి మెత్తగానే ఉంటుంది గానీ మన వైపు సా మిల్లుల్లో దొరికేది తరచుగా పచ్చిది, తడి పొట్టు పళ్ళకి అంటుకుని గట్టిపడి బ్లేడు మొద్దుబారినట్టు అనిపిస్తుంది. అప్పుడు సానకి ఇవ్వకు, ముందు బ్లేడు తీసి వాషింగ్ సోడా నీళ్ళలో కాసేపు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమి తుడిచి చూడు, సగం సార్లు అదే సరిపోతుంది. చంద్రగిరి వైపు తోట మామిడి మాను కోయించి పలకలు తెచ్చి టీపాయి చేయమన్న ఒకాయనకి నేను ముందు చెప్పింది ఒకటే, పలకల మధ్య పుల్లలు పెట్టి నీడలో పేర్చి ఎండనియ్యమని. పచ్చి చెక్కని ఎంత మంచి మిషన్‌తో 90కి కోసినా, ఎండాక 90 ఉండదు. అదీ కాక కోస్తా ఉంటే పచ్చి పలక మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది.

షాపులో మిషన్ చూసేటప్పుడు వాట్లు, లేజరు చూసి మోసపోకు. లేజరు గీత సెట్టింగ్ తప్పుతా ఉంటుంది. డీవాల్ట్ వాళ్ళ కొన్ని మోడళ్ళలో ఉన్నట్టు ఎల్ఈడీ దీపం బ్లేడు నీడని చెక్క మీద వేసే పద్ధతి నాకు ఇష్టం, నీడ బ్లేడుదే గాబట్టి తప్పదు. కానీ నువ్వు చూడాల్సింది ఇది: తలని ముందుకి పూర్తిగా లాగి, కిందికి దించి, హ్యాండిల్ పట్టుకుని మెల్లగా పక్కలకి ఊపు. బ్లేడు కొస దగ్గర కళ్ళకి కనపడేంత కదిలితే ఆ పీసు వదిలెయ్. అదే మోడల్ ఇంకో పీసు చూడు, పీసుకీ పీసుకీ తేడా ఉంటుంది. తర్వాత రెండడుగుల స్టీలు స్కేలు పెట్టి ఫెన్స్ (చెక్కని ఆనించే వెనక పట్టీ) ఎడమ కుడి భాగాలు ఒకే గీతలో ఉన్నాయా చూడు. ఒక పక్క ముందుకి ఉంటే ఏ కొలతా నమ్మలేం. కార్బన్ బ్రష్‌లు (మోటారులో అరిగిపోయే ముక్కలు) యాడ దొరుకుతాయి, సర్వీసు తిరుపతిలోనే చేస్తారా, చెన్నైకో బెంగుళూరుకో పంపాలా అని అడుగు. ఆన్‌లైన్లో వెయ్యి రెండు వేలు తగ్గుతాయని కొంటే ఈ ఊపి చూసే అవకాశం ఉండదు, అందుకే నేను చేత్తో పట్టుకుని చూసే కొంటా. ఇక్కడ నీకు కావాల్సింది దొరక్కపోతే చెన్నై ప్యారీస్ వైపు ఒకసారి పొయ్యిరా, మూడు నాలుగు కంపెనీలవి పక్కపక్కన చూడొచ్చు.

ఇంటికి తెచ్చాక దాని మీద గీసిన సున్నాని నమ్మి పని మొదలుపెట్టకు. ఆరంగుళాల వెడల్పు ఎండిన పలక తీసుకుని కొయ్యి, ఒక ముక్కని తిరగేసి రెండు కోసిన అంచుల్నీ కలిపి పెట్టు, కింది అంచు ఒక తిన్నని పట్టీకి ఆనించి. మధ్యలో సందు కనపడితే నీ తప్పు దానిలో సగం. సందు లేకుండా వచ్చేదాకా ఫెన్స్ సర్దుకో. తర్వాత ఇదే 12 అంగుళాల పలకతో చెయ్యి, చిన్న పలకకి సరిగ్గా వచ్చి పెద్ద పలకకి తప్పితే రైళ్ళు ఫెన్స్‌కి లంబంగా లేవని అర్థం. 45కి ఇంకా కఠినంగా ఉండాలి. పటానికి నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో పావు డిగ్రీ తప్పితే ఆఖరి మూలలో రెండు డిగ్రీలు చేరుతుంది, రెండు అంగుళాల వెడల్పు కడ్డీలో అది ఒకటిన్నర మిల్లీమీటర్ల పైన సందు, ఏ పుట్టీతోనూ దాగదు. సామి పటం గోడకి వేలాడదీస్తే ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ చూసేది ఆ మూలే.

కోసే పద్ధతి. స్లైడింగ్‌లో తలని ముందుకి లాగి, స్పీడు పూర్తిగా వచ్చాక దించి, ఫెన్స్ వైపుకి తోస్తా కొయ్యాలి. నీ వైపుకి లాగతా కొయ్యకూడదు. తోసేటప్పుడు పళ్ళు చెక్కని ఫెన్స్‌కి ఒత్తుతాయి, లాగేటప్పుడు బ్లేడు చెక్క మీదికి ఎక్కి నీ మీదికి వస్తుంది. ఇది చేతి రంపం అలవాటున్న వాళ్ళకి మొదట్లో ఉల్టాగా అనిపిస్తుంది, చేతికి అలవాటయ్యేదాకా ఖాళీ మిషన్‌తో, ప్లగ్గు పీకేసి, ప్రాక్టీస్ చెయ్యి. కోత అయ్యాక బ్లేడు ఆగేదాకా తలని పైకి ఎత్తకు. చెయ్యి బ్లేడుకి ఆరంగుళాల లోపలికి రాకూడదు, ముక్క అంతకన్నా చిన్నదైతే క్లాంప్ పెట్టు, లేదా పెద్ద కడ్డీ మీద ఉన్నప్పుడే కోసుకో. వంగిన కడ్డీ అయితే ఉబ్బిన పక్క ఫెన్స్‌కి ఆనాలి, కోసే గీత దగ్గర ఫెన్స్‌కీ చెక్కకీ మధ్య సందు ఉండకూడదు, ఉంటే బ్లేడుని పట్టేస్తుంది. గ్లౌజులు వేసుకోవద్దు, కళ్ళద్దాలు, చెవులకి మఫ్లు వేసుకో.

పొట్టు గురించి గమ్మున ఉండలేను. మైటర్ సా వెనక ఇచ్చే గుడ్డ సంచి పొట్టులో కొంచెమే పడుతుంది, మిగతాదంతా గాల్లోకి. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే మనుషులకి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో మొదటి గ్రూపులో పెట్టింది. టేకు పొడి కొంతమందికి చర్మం మీద దద్దుర్లు, దగ్గు తెస్తుంది. రేకుల షెడ్డు, ఎండాకాలం, ఫ్యాను వేసుకుంటావు, పొడి మొత్తం నీ మొహాన్నే. ఎన్95 మాస్కు ప్రతి కోతకీ పెట్టుకో, మిషన్‌కి వాక్యూం తగిలించు, వెనక మూడు పక్కలా ప్లాస్టిక్ షీటుతో చిన్న గూడు కట్టు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఆ బట్టలతో లోపలికి పోవద్దు.

మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, రేకుల షెడ్డులో చెమ్మ తప్పదు. రైళ్ళకి గ్రీజు, ఇంజను ఆయిలు పూయకు, పొట్టు అంటుకుని ముద్దయిపోయి స్లైడ్ గరగరలాడుతుంది. పొడి గుడ్డతో తుడిచి పల్చగా మైనం రుద్దు, పైన గుడ్డ కప్పు.

సెకండ్ హ్యాండ్ దొరుకుతుంది, పని ఆపేసిన వర్క్‌షాపుల వాళ్ళు అమ్ముతా ఉంటారు. తప్పేం లేదు, కానీ ఊపి చూసే పరీక్షతో పాటు ఆన్ చేసి ఆపినప్పుడు వచ్చే శబ్దం విను, బేరింగు అరిగితే ఆగేటప్పుడు గరగర వస్తుంది. బ్లేడుని కప్పే కింది గార్డు దానంతటదే మూసుకోవాలి, దాన్ని తీగతో కట్టేసి వాడిన మిషన్ అయితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. కొత్తదైనా పాతదైనా చూడ్డానికి పోయేటప్పుడు నీ మూలమట్టం, ఆరంగుళాల వెడల్పు ఎండిన టేకు ముక్క ఒకటి సంచిలో వేసుకుని పో, ఒక్క కోత కోసి చూపించమను. కొయ్యనియ్యని షాపులో కొనొద్దు.